గోడకు జానెడు దూరం

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట మా బడి పిల్లలు అంటారు, ఖమ్మంలో ఉండే మా చెల్లెలు అంటుంది, మా ఆయనైతే నాకు వినపడేలాగే అంటారు. పాతికేళ్ళకు పైగా లెక్కల టీచరుగా చేస్తున్నదాన్ని, తప్పు కనపడితే చాలు, ఎర్ర పెన్ను కోసం చెయ్యి వెతుక్కుంటుంది. ఆ కోపంలో ఒకసారి నోరు పారేసుకున్నాను. ఒక మనిషికి రావలసిన పని నా మాట వల్ల పోయింది. దాని గురించే రాస్తున్నాను. ఇంటికి రంగులు వేయించడం, గ్యారంటీ కాగితం రాయించుకోవడం లాంటి చప్పటి సంగతులు కూడా ఇందులో వస్తాయి. అవి వదిలేసి చెబితే నా తప్పు సగమే తెలుస్తుంది.

మా ఇల్లు ఏన్కూరు దాటాక, మిర్చి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. మా ఆయన తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నారు. ఇప్పుడున్న డాబా మేము కట్టుకున్నదే. కట్టిన కొత్తలో రంగులు వేసినవాడు డబ్బాలో నీళ్ళు ధారాళంగా కలిపాడని ఏడాది తిరక్కుండానే తెలిసింది. గోడకు ఆనుకుంటే చాలు, చీర వెనకంతా తెల్లగా అయ్యేది. వాడికి ఫోను చేస్తే నంబరే మారిపోయింది. అందుకని రెండోసారి రంగులు వేయించాలనుకున్నప్పుడు, గ్యారంటీ లేకుండా ఒక్క బ్రష్ కూడా గడప దాటి రానివ్వనని మా ఆయనతో తెగేసి చెప్పాను. "నీ ఇష్టం, నీ గోడలు" అన్నారాయన. పొలం గట్టు దాటిన తర్వాత ప్రపంచం ఏమైపోయినా ఆయనకు పట్టదు.

ఖమ్మంలో రంగుల షాపువాళ్ళు ఒక కార్డు చేతిలో పెట్టారు. ముందువైపు ఏడేళ్ళ వారంటీ అని నా అరచెయ్యంత అక్షరాలు. బస్సులో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు చదివాను. గోడలో తేమ ఉంటే వర్తించదు. పగుళ్ళుంటే వర్తించదు. పుట్టీ, ప్రైమరూ తమ కంపెనీవే కాకపోతే వర్తించదు. అన్నీ సరిగ్గా ఉండి, లోపం రంగుదేనని వాళ్ళే తేల్చితే అప్పుడు కొత్త డబ్బాలు ఇస్తారట. గోడ గీకే కూలీ, వేసే కూలీ మనవే. ముందువైపు ఇచ్చిన ఏడేళ్ళను వెనకవైపు ఒక్కొక్కటిగా లాక్కున్నట్టుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలెవరైనా ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని.

పెయింటర్‌ను మా బడి అటెండరు పంపాడు. భద్రాచలం అవతల, దుమ్ముగూడెం దాటి లోపలికి వెళ్తే వచ్చే అడవి పల్లె అతనిది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఖమ్మంలో ఒక పెద్ద మేస్త్రి దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేసి, సొంతంగా నిలబడాలని అప్పుడే బయటికి వచ్చాడు. మాది అతని సొంత పనుల్లో రెండోది. ఫోనులో తమ భాషలో ఇంటివాళ్ళతో మాట్లాడేవాడు, మాతో తెలుగు.

కార్డు చూపించి అడిగాను. "కంపెనీ డబ్బాకు పూచీ పడుతుంది బాబూ, అదీ సగమే. నీ చేతిపనికి ఎవరు పూచీ?"

"నా చేతికి నేనే టీచరమ్మా. మూడేండ్లు. పొట్టు లేసినా, పొడి రాలినా నేనే వచ్చి చేసిస్త."

"నోటి మాటేనా?"

"మీ ఇష్టం. రాయుండ్రి, సంతకం పెడ్త. మీ చెయ్యి తిరిగినట్టు నా చెయ్యి తిరగదు రాతల."

రాశాను. పేజీకి మార్జిన్ కొట్టి, నంబర్లు వేసి మరీ రాశాను. పాత రంగు గీకకుండా కొత్తది వేయకూడదు, చెప్పినదానికి మించి నీళ్ళు కలపకూడదు, ఒక కోటు ఆరనిదే ఇంకోటి వేయకూడదు, పిలిస్తే వారంలోపు రావాలి, ఇలా ఏడు షరతులు తేలాయి. అతను గోడకు దూరంగా బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో షరతుకూ "అవ్" అంటూ తలూపాడు.

అన్నీ అయ్యాక, "నాదొక్కటి రాయుండ్రి టీచరమ్మా" అన్నాడు.

"నీదా?"

"అవ్. ఏ సామానైనా గోడకు జానెడు దూరం ఇడిచి పెట్టాలె. మూడేండ్లూ."

నాకు నవ్వాగలేదు. "ఇదేం షరతయ్యా! బీరువాను నడిమింట్లో నిలబెట్టి చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యమంటావా?"

అతనూ నవ్వాడు. "గట్ల గాదు. గోడకు గాలి తగలాలె. మా ఇంట్ల ఒడ్ల గుమ్మి గూడ గోడకు జానెడు దూరంలనే ఉంటది. ఆనిచ్చిన్రంటే మా అమ్మ ఊకోదు."

"మట్టి గోడలకు కూడా ఇంత వైభోగమా? వాటికి గ్యారంటీ ఎవరిస్తారు మరి?" వేళాకోళంగానే అడిగాను.

"మా అమ్మనే. ప్రతేడు పండుగకు ముందు ఆమెనే అలుకుతది. ఎర్రమన్ను తెచ్చిచ్చుడు నా పని. పాడైతే అడగనీకి ఇంకెవ్వలు లేరు గదా. అందుకే గోడను గట్ల చూసుకుంటది."

ఆ మాట అప్పుడు నా చెవిదాకానే వచ్చింది. ఎనిమిదో షరతు రాసి, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. కాగితం మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాను. వరండాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన, "ఏం రాసుకున్నారే అంతసేపు?" అని అడిగారు. "అన్నీ రాశాన్లెండి, మీకెందుకు" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను, ఇప్పటికీ గుర్తుంది.

అతని పని చూస్తే ముచ్చటేసింది. కార్డులో తేమ కొలిచే మిషను గురించి రాసి ఉంది. అతను మాత్రం పుస్తకాలకు అట్ట వేసే ప్లాస్టిక్ కవరు ఒకటి నన్ను అడిగి తీసుకున్నాడు. దాన్ని ముక్కలు చేసి, ఒక్కో గోడకు ఒక్కో ముక్క నాలుగు పక్కలా టేపు వేసి అంటించాడు. మర్నాడు పొద్దున చూస్తే హాల్లో పడమటి గోడ మీది కవరుకు లోపలివైపు చెమట పట్టి ఉంది. "ఈ గోడ ముట్టను" అనేశాడు. సంపుకు పోయే పైపు కారుతోందని అతనే కనిపెట్టి, బాగు చేయించేదాకా ఊరుకోలేదు. తర్వాత కూడా వారం రోజులు ఆ గోడ జోలికి పోలేదు. సామానంతా వసారాలో పడి ఉంది, నాకేమో చిరాకు. "పని పూర్తి చేసి పోవయ్యా బాబూ" అని రెండుసార్లు కసిరాను. "మూడేండ్లు నేను మాట పడాలె గద టీచరమ్మా" అని కవరు మళ్ళీ అంటించి చూపించాడు. అది పొడిగా వచ్చిన రోజునే రోలరు చేతబట్టాడు.

ఆ గోడ అంత నున్నగా వస్తుందని నేననుకోలేదు. సంతోషం పట్టలేక, "మా బడికి రంగులు వేయించే పని రాబోతోంది. నీ గురించి హెడ్మాస్టరుగారికి చెప్తాను" అన్నాను. అతని ముఖం వెలిగిపోయింది. "బడి పని దొరికిందంటే మా ఊరోళ్ళు నలుగురిని తెచ్చుకుంట టీచరమ్మా. ఇంక మేస్త్రి కాడికి పోయే పనే ఉండదు" అన్నాడు. వెళ్ళేముందు మిగిలిన రంగు చిన్న డబ్బాలో పోసి, ఎక్కడైనా గీత పడితే దిద్దుకోమని ఇచ్చాడు. అది డిసెంబరు నెల.

ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఖమ్మం వెళ్ళి, పన్నెండు రోజులు మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఇల్లు అద్దంలా కడిగి ఉంది. మా ఆయన తనంతట తాను కాఫీ కలిపి ఇచ్చారు. పెళ్ళయ్యాక అలాంటిది అదే మొదటిసారి, నాకు ఆ క్షణమే అనుమానం రావలసింది. ఇంట్లో మిర్చి ఘాటు ఉంది కానీ, ఆ నెలల్లో మా వైపు ఏ ఇంట్లో ఉండదు కనక?

ఆగస్టు ముసురులో పడమటి గోడ పొట్టు లేవడం మొదలైంది. నడుమెత్తున, ముందు బొబ్బల్లా ఉబ్బింది, తర్వాత చేటంత పెచ్చులు ఊడి కింద పడ్డాయి; నేను బడి నుంచి వచ్చేలోపే మా ఆయన వాటిని ఊడ్చి పారేసేవారు. నా ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఫోను చేశాను, స్విచాఫ్. మర్నాడూ స్విచాఫ్. వారం గడిచినా అంతే. "పిలిస్తే వారంలోపు రావాలి" అన్నది నాలుగో షరతు! షాపుకు ఫోను చేస్తే కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. గోడను వేలితో రెండుసార్లు తట్టి, సెల్‌ఫోనులో నాలుగు ఫోటోలు తీసుకుని, "రంగులో లోపం లేదు మేడం, వేసిన పద్ధతిలో ఉంది. మీ పెయింటర్‌ని అడగండి" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

"ఒక్క గోడకు ఇంత గొడవెందుకే? దసరాకు ఎవరో ఒకరితో నేనే వేయిస్తాను" అన్నారు మా ఆయన.

"మీకేం, మీకు ఏదీ పట్టదు! ఏడు షరతులు రాయించుకున్నాను నేను!" అని కయ్యిమన్నాను. ఆయన ఏదో చెప్పబోయి, నీళ్ళు నమిలి, పొలానికి వెళ్ళిపోయారు.

సరిగ్గా అదే వారంలో స్టాఫ్ రూములో హెడ్మాస్టరుగారు అడిగారు. "మేడం, దసరా సెలవుల్లో బడికి రంగులు వేయిద్దాం. మీరు చెప్పిన పెయింటర్ ఉన్నాడు కదా, పిలిపించనా?"

"అతన్నా సార్! మూడేళ్ళ గ్యారంటీ అన్నాడు, ఎనిమిది నెలలకే గోడ పొట్టు లేచింది, ఫోను స్విచాఫ్. అతన్ని నమ్ముకుంటే పెచ్చులూడి పిల్లల నెత్తిన పడతాయి."

అందరూ నవ్వారు. నేను రెచ్చిపోయి, నా కాగితం, అందులో షరతులు, అతను "అవ్, అవ్" అంటూ తలూపిన తీరు అన్నీ అభినయించి మరీ చెప్పాను. పాలు పోసే ఆమెకు చెప్పాను. పక్కింటావిడకు చెప్పాను. చెల్లెలికి ఫోనులో చెప్పాను. బస్సులో తోటి టీచరుతో ఆ చివర సీటుదాకా వినపడేలా చెప్పాను. దాచడమెందుకు, అలా చెబుతుంటే నాకు హాయిగా ఉండేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే అతను వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. భుజాన సంచీ, అందులో గీకుడు రేకు, ఉప్పుకాగితం. గోదారి పొంగి వాగులు ఎగదన్నాయట. వాళ్ళ ఊరికి దారీ లేదు, కరెంటూ లేదు. నీళ్ళు తీశాక నాట్లు. ఆ తర్వాత రోడ్డు మీదికి వచ్చి ఫోను చార్జింగు పెట్టుకుంటే నా కాల్స్ కనపడ్డాయట. వచ్చిన మొదటి బస్సెక్కి వచ్చేశాడు.

"గోడకేమైంది టీచరమ్మా?" అన్నాడు చెప్పులు విడుస్తూ. వెంటనే, "బడి పని ఎప్పుడు మొదలు? నలుగురికి చెప్పి ఉంచిన. ఇంకో పని ఒప్పుకోకుండ్రి అన్న" అన్నాడు.

"ముందు నీ గోడ చూడు" అన్నాను.

చూశాడు. అరచెయ్యి ఆనించాడు. ఫోను లైటు గోడ పక్క నుంచి వేసి, ఒక కన్ను మూసుకుని చూశాడు. "ఇది నా చెయ్యి గాదు" అన్నాడు.

"పాడైతే అందరూ అనే మాటే అది."

"గాదు టీచరమ్మా. నేను రోలర్ తోటి ఏసిన. పైన గిట్ల అడ్డం నిలువు బ్రష్ గీతలున్నయ్, సూడుండ్రి. దీని మీద ఇంకెవ్వలో ఏసిన్రు."

నేను నమ్మలేదు. అతను రేకు తీసి, ఉబ్బిన చోట గీకాడు. ఒక పెచ్చు అట్టలా ఊడి వచ్చింది. దాని వెనక అంతా ఎర్రగా ఉంది. ఇంకోసారి గీకాడు, సన్నటి ఎర్ర పొడి లేచింది. అంతే, అతను తుమ్మాడు. నేను తుమ్మాను. ఒకదాని వెంట ఒకటి ఆగకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా తుమ్ములు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆయనకు కూడా అందుకుంది. కల్లంలో మిర్చి మధ్య పుట్టి పెరిగిన ముక్కులు మావి. ఆ తుమ్ము దేనిదో మాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పైటతో కళ్ళు తుడుచుకుని మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"నలభై బస్తాలు" అన్నారు నేల చూస్తూ. "నువ్వు ఖమ్మంలో ఉన్నప్పుడు. మార్కెట్లో ధర పడిపోయింది, కోల్డ్ స్టోరేజీ దగ్గరేమో మైలు పొడుగున లారీలు. కల్లంలో ఉంచుదామంటే మబ్బు పట్టింది. ఇంకెక్కడ పెట్టనే?"

మిగిలింది నాకు చెప్పక్కర్లేదు. ఎండిన కాయ బస్తాలో తొక్కేటప్పుడు ముక్కలైపోకుండా ముందురోజు నీళ్ళు చిలకరిస్తారు. మా జిల్లాలో మిర్చి రైతు ఇంట ఇది తెలియనివాళ్ళు ఉండరు. ఆ చెమ్మగా ఉన్న బస్తాలు నలభై, గోడకు ఆనించి ఒకదాని మీద ఒకటి, పది రోజులు. తీశాక గోడకు నడుమెత్తున ఎర్రటి మరక, తడి. నేను వచ్చేలోపు కనపడకుండా చేయాలని, పెయింటర్ ఇచ్చివెళ్ళిన చిన్న డబ్బా తెచ్చి, ఆ తడి మీద, ఆ మిర్చి పొడి మీదే రంగు పూసేశారు. ఆ కాఫీ ఎందుకో అప్పుడర్థమైంది నాకు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నేను ఇంత రాద్ధాంతం చేస్తుంటే నోరు కుట్టేసుకున్నారా?"

"చెబితే నువ్వు ఊరుకునేదానివా?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

బీరువా తెరిచి కాగితం తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, ఏదో ఒకటి చేతిలో ఉండాలి అప్పుడు. ఎనిమిదో షరతు నా గుండ్రటి అక్షరాల్లో ముద్దులు మూటగడుతూ ఉంది. పెయింటర్ దాని మీద వేలు పెట్టాడు.

"మీరు ఏడు రాయించిన్రు. నేనొక్కటే రాయించిన టీచరమ్మా."

మా ఆయన కాగితం తీసుకుని మొదటిసారి చదివారు. చదివి, "ఇది నాకెప్పుడు చూపించావు?" అని అడిగారు. తల కొట్టేసినట్టయింది. కంపెనీ కార్డు వెనకవైపు చదివానని మురిసిపోయినదాన్ని. నా కాగితంలో నా వైపు ఉన్న ఒక్క షరతునూ, ఆ ఇంట్లో బతికే ఇంకో మనిషికి చదివి వినిపించలేదు. గ్యారంటీ అంటే అవతలివాడి మెడకు వేసే తాడనే అనుకున్నాను. దాని రెండో కొస నా చేతికే కట్టి ఉందని తెలుసుకోలేదు. డబ్బాకు కంపెనీ, చేతిపనికి పెయింటర్. మరి గోడకు? గోడకు మేమే. వాళ్ళమ్మ ఆ సంగతి ఏ కాగితమూ లేకుండానే తెలుసుకుంది.

అప్పుడు బడి సంగతి చెప్పాను. చెప్పక తప్పదు కదా. హెడ్మాస్టరుగారు అడిగినప్పుడు ఏమన్నానో మాట మార్చకుండా చెప్పాను. పిల్లల నెత్తిన పడతాయన్న మాటతో సహా. సిగ్గుతో చచ్చిపోయాను.

అతను ఉప్పుకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకున్నాడు. "నన్నొక్కసారి అడిగినంక చెప్పేదుండె టీచరమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. అన్నం తినమంటే ఆకలి లేదన్నాడు. గోడ పూర్తిగా ఆరితే తప్ప ముట్టుకోనని, చలికాలంలో వస్తానని చెప్పి బస్సుకు వెళ్ళిపోయాడు.

సోమవారం ప్రార్థనకు ముందే హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, తప్పు మా ఇంటిదని, పని అతనికే ఇప్పించమని బతిమాలాను. ఆయన బాధపడ్డారు. "వేరేవాళ్ళకు మాట ఇచ్చేశాం మేడం. మీరే కదా వద్దన్నారు" అన్నారు. దసరా సెలవుల తర్వాత బడి తెరిస్తే గోడలన్నీ కొత్త రంగుతో మెరుస్తున్నాయి. నా తరగతిలో బోర్డు వైపు తిరిగిన ప్రతిసారీ ఆ గోడ చూడాల్సి వచ్చేది.

అతను అన్నట్టుగానే డిసెంబరులో వచ్చాడు. మళ్ళీ ఖమ్మం మేస్త్రి దగ్గరే చేరాడట, ఆదివారాలు మాత్రమే కుదురుతుందన్నాడు. ఆ నలుగురూ ఏమయ్యారని అడిగితే, "మిర్చి ఏరనీకి పోయిన్రు" అని మాత్రం చెప్పాడు. ఈ పని గ్యారంటీలోకి రాదని, కూలీ ఇవ్వాలని ముందే మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ మాట నాకెంతో నచ్చింది. కవరు ముక్క అంటించి, పొడిగా వచ్చాక పని మొదలుపెట్టాడు.

గోడ పూర్తికావస్తుంటే, "ఒక జానెడు మేర ఆ పాత మచ్చ అలాగే ఉంచెయ్యి బాబూ" అన్నాను.

"ఎందుకు?"

"నేను చేసిన తప్పు నాకు రోజూ కనపడాలి."

రోలరు ఆపి నా వైపు చూశాడు. "మీకు మీ తప్పు కనవడ్తది టీచరమ్మా. ఇంటికొచ్చినోళ్ళకు నా పని గదా కనవడేది. మచ్చ పెట్టిపోయిండు అంటరు."

పశ్చాత్తాపపడేటప్పుడు కూడా నా గురించే ఆలోచించుకున్నాను, అతని పేరు గురించి కాదు. "పూర్తిగా వేసెయ్యి" అన్నాను. వేశాడు. ఇప్పుడు ఆ గోడ చూసి ఎవరూ ఏదీ పోల్చుకోలేరు. ముందు ఏ సామానున్నా జానెడు దూరంలోనే ఉంటుంది. ఆ సందు మా ఆయనే రోజూ ఊడుస్తారు.

గోడ మీద గుర్తు లేదు కాబట్టి ఇక నోటితోనే చెప్పాలి. పాలామెకు, పక్కింటావిడకు, చెల్లెలికి, స్టాఫ్ రూములో నవ్విన అందరికీ, ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు చెవులు రిక్కించి విన్నవాళ్ళు, ఇది మాత్రం "అయ్యో, అవునా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అయినా అందరికీ చెప్పేశాననే తృప్తి ఉండింది.

మొన్న ఫిబ్రవరిలో ఖమ్మం నుంచి కొత్తగూడెం బస్సులో వస్తున్నాను. పక్క సీట్లో ఒకావిడ, జూలూరుపాడు దాకా పోవాలట. ఒళ్ళో రంగుల కార్డు తెరిచి పెట్టుకుని, లేత ఆకుపచ్చ మంచిదా, గంధం రంగు మంచిదా అని నన్ను అడిగింది. అలా మాటలు కలిశాయి. పెయింటర్‌ను కుదుర్చుకున్నారా అని అడిగాను.

"చూస్తున్న అక్కా. గని ఒకటి చెప్తా, ఇనుండ్రి. అడవి దిక్కు నుంచి వస్తడంట ఒకడు, మూడేండ్ల గ్యారంటీ అని కాయితం గూడ రాసిస్తడంట. వాన్ని మాత్రం పెట్టుకోకుండ్రి. ఎవరో టీచరమ్మ ఇంట్ల గోడ మొత్తం ఊడి పిల్లల నెత్తిన పడ్డదంట. ఫోను బందు పెట్టి పారిపోయిండంట."

మా ఇంట్లో చిన్నపిల్లలే లేరు. ఆ పిల్లలు స్టాఫ్ రూములో నా నోట్లో పుట్టిన పిల్లలు.

"ఆ టీచరమ్మను నేనే" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గబగబా చెప్పాను. గోడ ఊడలేదని, తప్పు మాదేనని, అతను పారిపోలేదని, వాగు పొంగితే ఊళ్ళో చిక్కుకుపోయాడని. అంతా విని, ఆవిడ జాలిగా నా చెయ్యి నొక్కింది.

"మీరు మంచోళ్ళక్కా. గరీబోని పొట్ట కొట్టుడెందుకని గిట్ల చెప్తున్నరు. మీ దిల్ పెద్దది."

నేను తిట్టిన తిట్టును ఊరూరా నమ్మారు. ఇప్పుడు నిజం చెబితే మంచితనం అంటున్నారు! బస్సు మా ఊరి మలుపు దగ్గర ఆగింది. "టీచరమ్మా, దిగుండ్రి" అని కండక్టర్ కేకేశాడు. నేను లేవలేదు. జూలూరుపాడు దాకా ఇంకో జీరో టికెట్, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చేది, కొట్టమన్నాను. అతను వింతగా చూసి కొట్టి ఇచ్చాడు. టికెట్ పర్సులో పెట్టుకుని ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"నాది మంచితనం కాదమ్మా" అన్నాను. "ఏప్రిల్ నెలలో మా ఆయన మిర్చి బస్తాలు ఎక్కడ పెట్టారో, అక్కణ్ణుంచి చెప్తాను, వినండి."